రాత్రి అన్నం, చైనా రుచి

ఫ్రైడ్ రైస్ పొడిపొడిగా రావాలంటే రాత్రి మిగిలిన అన్నమే మేలు. వేడన్నం బాండీలో ముద్దవుతుంది. చల్లారి ఆరిన మెతుకు విడివిడిగా వేగుతుంది. దుగ్గిరాలలో మా ఇంట ఇది ధర్మసందేహం. వండి జాము దాటిన అన్నం తామసమని గీత చెప్పింది కదా అని మా అత్తయ్యగారు అడుగుతారు.

గీత 17వ అధ్యాయంలో 8 నుంచి 10 వరకు శ్లోకాలు శ్రద్ధగా చదివాను. అక్కడ ఆహారానికి రుచి, గుణం, ఫలితం చెప్పారు గాని దేశం చెప్పలేదు, కనుక చైనా వంటన్న అభ్యంతరం నిలవదు. సోయా సాస్ పరాయిదైతే మిరపకాయా పరాయిదే. అమెరికా ఖండంలో పుట్టి, 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా మనకు చేరింది. అది లేని గుంటూరు వంటను ఇప్పుడెవరు ఊహించగలరు?

నిల్వ సంగతి మాత్రం పట్టించుకోవాల్సిందే. అందుకే అన్నం వండిన రాత్రే త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెడతాను, పొద్దున్నే వాడేస్తాను. తెనాలిలో కొన్న తాడు లాగే చాపర్‌లో క్యారెట్, బీన్స్, క్యాబేజీ ఇట్టే చిన్న ముక్కలవుతాయి. పెద్ద మంట మీద నూనె కాగాక అల్లం, కూరముక్కలు, అన్నం. చివర చెంచాడు సోయా సాస్, మిరియాల పొడి. ఉల్లి, వెల్లుల్లి వేయను కనుక అత్తయ్యగారూ తింటారు.

చద్దన్నం తిని పసుపు చేలో దిగే కూలీలను తామసులనగలమా? అన్నాన్ని గౌరవించడం తైత్తిరీయోపనిషత్తు వ్రతంగా నిలిపింది. శుభ్రంగా వండి, నలుగురికీ పెట్టి తిన్నదే సాత్త్వికమని నా నమ్మకం. మిగిలిన అన్నం పారేయకండి.