వెలుతురు సందు

నేపుల్స్‌ను బూర్బన్ రాజులు ఏలుతున్న రోజుల్లో, దక్షిణ ఇటలీలోని మోలీజే కొండల మీద, కంపొబాస్సో ఊరి కమ్మరులు కత్తెర పిడుల్లో జాలీ పని చేసేవారు. ముందు ఉక్కులో వరసగా బెజ్జాలు వేసి, వాటిలోకి సన్నటి ఆకురాయి దూర్చి అరగదీస్తూ తీగలు, ఆకులు, పిట్టలు తేల్చేవారు. ఉక్కు మెత్తగా ఉన్నప్పుడే ఇదంతా కానివ్వాలి. ఒకసారి ఎర్రగా కాల్చి ముంచి గట్టిపరిచాక ఆకురాయి దిగదు. ఈ కథ ఆ ఊళ్ళోనే జరిగిందనుకోండి.

ఒక కొలిమిలో పెద్ద కమ్మరి, అతని శిష్యుడు ఉన్నారు. అలుగులు సాగగొట్టడం పెద్దాయన వంతు, జాలీ కుర్రవాడి వంతు. పెళ్ళికూతురి సారెలోకి ఒక కత్తెర కావాలని కబురొచ్చింది. పెద్దాయన జత అలుగులు కొట్టి కుర్రవాడికిచ్చాడు. కుర్రవాడు రెంటినీ ఆనించి కిటికీకేసి పట్టి చూశాడు. మధ్యలో సన్నటి సందు. రెండు అలుగులూ రవ్వంత వంగి ఉన్నాయి.

“ముసలాయనకు చూపు తగ్గింది పాపం” అనుకున్నాడు. చిన్నబుచ్చడం ఇష్టం లేక అడగలేదు. దాగలి మీద పెట్టి, చిన్న సుత్తితో తట్టి, సందు లేకుండా చదును చేశాడు. ఆ తర్వాత పిడిలో ద్రాక్షతీగ చెక్కాడు. గట్టిపరిచి, మెరుగుపెట్టి, మర బిగించి మూస్తే రెండు అలుగులూ ఒకటే అనిపించాయి. చూసినవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు.

వారం తిరక్కుండానే పెళ్ళికూతురి తల్లి వచ్చింది. “పిడి చూడముచ్చటగా ఉంది, కాదనను. పల్చటి గుడ్డ పెడితే తెగకుండా మడతపడి అలుగుల మధ్యకు పోతోందయ్యా” అంది.

పెద్దాయన కత్తెర విప్పి, ఒక్కో అలుగు మీద వేలు పోనిచ్చాడు. “వంపు ఏమయిందిరా?”

“సరిచేశాను, గురువుగారూ.”

“అలుగులు రెండూ ఒకదానికేసి ఒకటి వంగి ఉంటేనే, మూసేటప్పుడు ఏ క్షణాన చూసినా ఒక్క చోటే ఒరుసుకుంటాయి. ఆ చోటు మర దగ్గర మొదలై మొన దాకా జరుగుతుంది. తెగడమంటే అదే. నువ్వు సరిచేసింది ఆ తెగడాన్నే.”

మళ్ళీ కాల్చి మెత్తబరచి వంపు తెచ్చారు. రెండోసారి గట్టిపరచడానికి ముంచినప్పుడు ద్రాక్షతీగలో అన్నిటికన్నా సన్నటి కొస టప్పున విరిగింది. కత్తెర తెగుతోంది, తీగ మాత్రం మొండిగా మిగిలింది. పెళ్ళివారు సగం సొమ్మే ఇచ్చారు.

నీతి: తప్పులా కనిపించినదాన్ని దిద్దబోయే ముందు, అది అక్కడ ఎందుకుందో దాన్ని పెట్టినవాణ్ణి అడగాలి.

పిల్లలకు చెప్పేటప్పుడు ఇక్కడితో ఆపేస్తారు. నా లెక్కలో సగం తప్పు పెద్దాయనదే. ఇన్నేళ్ళు పక్కన కూచోబెట్టుకుని, వంపు ఎందుకో ఒక్కసారీ చెప్పలేదు. కుర్రవాడు అడగలేదు సరే, చెప్పాల్సినవాడి నోరేమయింది? చూసి నేర్చుకుంటాడులే అనుకునే గురువులు ఏ కొలిమిలోనైనా ఉంటారు. చూస్తే కనిపించేది జాలీ. వంపుకున్న కారణం కంటికి కనిపించదు.

రాసిపెడితే సరిపోదా అంటారేమో. టస్కనీలోని స్కార్పెరియా కత్తులవాళ్ళు 1538లోనే సంఘం నియమాలు రాసుకున్నారు. ఈ వృత్తిలో కాగితం మీద రాసుకోవడం అంత పాతది. అయినా ఏ అలుగుకు ఎంత వంపన్నది కాగితం మీది నుంచి చేతికి రాదు. ఉత్తరాన ఆల్ప్స్ కొండల్లో ప్రెమానా అని చిన్న ఊరుంది. ఇవాళ ఆ ఊరు కత్తెరలకు పేరు. యంత్రాలు వచ్చి సాగగొట్టే కష్టాన్ని తగ్గించాయి గానీ, మంచి కత్తెర తయారయ్యే చాలాచోట్ల చివర్లో ఒక మనిషి దాన్ని తెరిచి, మూసి, చెవితో విని, చిన్న సుత్తితో వంపు చూసుకోవాల్సిందే. దర్జీలు ఖరీదైన కత్తెర కొన్నప్పుడు ఆ మనిషి కూలి కూడా అందులోనే కలిపి కడుతున్నారు.