పాత కారులో పెట్రోలు పొదుపు: ఎవరికి బాకీ?

పాత కారులో పెట్రోలు పొదుపు చేయడం యజమాని సొంత విషయమా, లోకానికి బాకీ పడిన ధర్మమా అన్నది తేలాలంటే, ముందు పెట్రోలు ఎవరిదో ఆలోచించాలి. బంకులో డబ్బు కట్టినవారిదే అన్నది వ్యవహారం చెప్పే జవాబు. ఆ డబ్బు ముడిచమురును తవ్వినందుకు, శుద్ధి చేసినందుకు, ఓడల్లోనూ ట్యాంకర్లలోనూ మోసినందుకు, ప్రభుత్వాల పన్నులకు సరిపోతుంది. భూగర్భంలో కోట్ల సంవత్సరాల పాటు అది తయారైనందుకు మాత్రం ఎవరూ ఎవరికీ పైసా కట్టలేదు. దేవతలిచ్చిన భోగాలను అనుభవిస్తూ, తిరిగి ఏమీ అర్పించనివాడు దొంగేనని భగవద్గీత మూడో అధ్యాయం నిష్కర్షగా చెబుతుంది. గింజ తిన్న రైతు మళ్లీ గింజ నాటుతాడు. చెరువు నీళ్లు ఆవిరై వానగా తిరిగొస్తాయి. కాలిన పెట్రోలుకు అలాంటి తిరుగుదారి లేదు. లీటరు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. తిరిగి ఇవ్వలేని వస్తువు విషయంలో మనిషి చేయగలిగింది ఒక్కటే: అవసరానికి మించి తీసుకోకపోవడం. పతంజలి చెప్పిన అయిదు యమాల్లో అస్తేయం (దొంగిలించకపోవడం), అపరిగ్రహం (అవసరానికి మించి పోగుచేయకపోవడం) రెండూ ఇక్కడ ఒకే పని చేస్తాయి. అక్కర లేనిది దగ్గర పెట్టుకోవడమూ దొంగతనమేనని గాంధీజీ అస్తేయాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు.

ఈ మాట పాత చిన్న కార్లకు మరీ దగ్గరగా వర్తిస్తుంది. కొత్త బండ్లలో పొదుపు చాలావరకు తయారీలోనే జరిగిపోతుంది. పాత మారుతి 800, ఆల్టో, శాంట్రోల్లో అది నడిపేవారి కాలి కింద, మెకానిక్ షెడ్డులో, టైర్లకు గాలి పట్టే చోట తేలుతుంది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది కాబట్టి, ఆ వరుసలో ఆఖరి బండికీ పదేళ్లు దాటాయి. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరే 42వ నంబరు జాతీయ రహదారి పీఠభూమి మీద మిట్టపల్లాలుగా సాగుతుంది. పాత బండి గుణదోషాలన్నీ ఈ దారిలో బయటపడతాయి.

పొదుపు అనగానే పిసినారితనం గుర్తుకు రావడం సహజం. లోభిని ఎండగట్టిన వేమన సమాధి ఇదే రహదారి మీదున్న కదిరికి దగ్గరలో, కటారుపల్లెలో ఉంది. లోభి కూడబెట్టేది తనకోసం. అందులో ఇంకొకరికి దక్కేది ఏమీ ఉండదు. పెట్రోలు పొదుపులో మిగిలిన డబ్బు యజమాని జేబులోకే పోయినా, కాలకుండా మిగిలిన పెట్రోలు మాత్రం లోకానికి మిగులుతుంది. అయితే ఆ రెండూ ఎప్పుడూ కలిసి నడవవు. కుప్పం ఊరు కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు ఆనుకుని ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద పన్ను ఎక్కువ కావడంతో సరిహద్దు దాటి ట్యాంకు నింపుకునే అలవాటు అక్కడ చాలామందికి ఉంది. పని మీద వెళ్లినప్పుడు నింపుకొస్తే అభ్యంతరం లేదు. కేవలం దానికోసమే బయలుదేరితే లెక్క తిరగబడుతుంది. లీటరుకు 6 రూపాయలు తేడా ఉందనుకున్నా 20 లీటర్లకు మిగిలేది 120 రూపాయలు. రానూపోనూ 30 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే బండి 2 లీటర్లు తాగేస్తుంది. పర్సూ నిండలేదు, పెట్రోలూ మిగల్లేదు.

పొదుపుకు కావలసింది మొదట జ్ఞానం, తర్వాతే సంకల్పం. బండి ఎక్కడ ఎంత వృథా చేస్తోందో తెలియకుండా పట్టే పట్టుదల ఎక్కువ రోజులు నిలవదు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా చెప్పినది ఈ ఎరుక గురించే. ఉన్నదాన్ని ఉన్నట్టు, తన కోరికల రంగు పులమకుండా చూడమన్నారాయన. చిన్నప్పుడు గడియారాన్ని విప్పేసి, మళ్లీ బిగించేదాకా బడికి కూడా వెళ్లలేదని ఆయన జీవితచరిత్రల్లో ఉంది. యంత్రాన్ని అలా చూడగలిగినవారికి పాత కారు దాచేది ఏమీ ఉండదు.

ముందుగా అసలు మైలేజీ ఎంతో నిజాయితీగా తెలుసుకోవాలి. డ్యాష్‌బోర్డులోని ముల్లును చూసి వేసే అంచనా దీనికి పనికిరాదు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, నాజిల్ తనంతట తాను ఆగేవరకు ట్యాంకు నింపించి, ఓడోమీటరు అంకె రాసుకోవాలి. మామూలుగా తిరిగాక మళ్లీ అక్కడే అలాగే నింపి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించాలి. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే వచ్చే సగటే నమ్మదగిన అంకె. నలుగురిలో తన బండి మైలేజీని పెంచి చెప్పుకోవడం చిన్న అబద్ధంగా కనిపిస్తుంది గానీ, దాన్ని చెప్పేవారు మెల్లగా తామే నమ్మేస్తారు, మరమ్మతు వాయిదా పడుతుంది. సత్యం కూడా యమాల్లో ఒకటి కావడానికి ఇలాంటి కారణాలే ఉన్నాయి.

అంకె తక్కువగా తేలితే వెతకాల్సిన చోట్లు కొన్నే. అన్నిటికంటే చవకైనది టైర్లలో గాలి. డ్రైవరు తలుపు చట్రం మీదో యజమాని పుస్తకంలోనో రాసి ఉన్న పీడనం కంటే తగ్గితే టైరు ఎక్కువగా నలిగి, ఇంజిను శ్రమలో కొంత టైరును వేడెక్కించడానికే పోతుంది. గాలి చల్లటి టైర్లలోనే చూడాలి, దూరం నడిపి వచ్చాక చూస్తే అంకె ఎక్కువగా కనబడి మోసపోతారు. రెండోది బ్రేకులు పట్టేయడం. చక్రాన్ని జాకీ మీద ఎత్తి, బండి న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వదిలేసి ఉండగా చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి. గీసుకుంటూ ఆగిపోతే, ఆ కారు రోజంతా సగం బ్రేకు తొక్కి నడుస్తున్నట్టే. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, అరిగిన ప్లగ్గులు, కుదరని వీల్ అలైన్‌మెంట్, జారిపోతున్న క్లచ్ ఆ తర్వాత వస్తాయి.

థర్మోస్టాట్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. బండి వేడెక్కుతోందన్న భయంతో షెడ్డుల్లో ఈ చిన్న వాల్వును పూర్తిగా తీసేయడం మామూలు. అప్పుడు రేడియేటరు నీళ్లు మొదటి నిమిషం నుంచే ఇంజినంతా తిరుగుతాయి. ఇంజిను తనకు కావలసిన వేడికి చేరడానికి చాలా సేపు పడుతుంది, మదనపల్లె చలికాలపు ఉదయాల్లో దగ్గరి ప్రయాణమైతే అసలు చేరదు. చల్లటి ఇంజిను పెట్రోలు ఎక్కువ కోరుతుంది, లోపలి భాగాలు తొందరగా అరుగుతాయి. వేడెక్కడానికి అసలు కారణం మట్టి పట్టిన రేడియేటరో, పనిచేయని ఫ్యానో అయి ఉంటుంది. జబ్బును వదిలేసి లక్షణాన్ని అణిచేసే ఈ పద్ధతి పాత కార్ల ఆయుష్షునూ పెట్రోలునూ ఏళ్ల తరబడి తినేస్తోంది.

మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి మైదానంలోని గాలికంటే సుమారు 7 శాతం పలుచన. ఇంజెక్షన్ ఉన్న కార్లలో కంప్యూటరే ఈ తేడాను సర్దుకుంటుంది. కార్బురేటరు బండి సర్దుకోలేదు. కింద మైదానంలో సరిగా ట్యూన్ చేసినది ఇక్కడికొచ్చాక అవసరానికి మించి పెట్రోలు కలిపి తాగుతుంది. స్థానికంగా మళ్లీ ట్యూన్ చేయించుకోవడమే దానికి మందు.

నడిపే తీరులో ప్రధానమైనది వేగం. గాలి ఎదురుతోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 50 నుంచి 60 కిలోమీటర్ల దగ్గర టాప్ గేరులో నిలకడగా వెళ్లే చిన్న కారు, 90 దగ్గర అదే దూరానికి చాలా ఎక్కువ కాలుస్తుంది. ముందు లారీ ఆగబోతోందని దూరం నుంచే గమనించి యాక్సిలరేటరు వదిలేసినవారికి బ్రేకుతో పని తగ్గుతుంది, బ్రేకులో వేడిగా పోయే ప్రతి కదలికా అంతకుముందు పెట్రోలు ఖర్చు పెట్టి తెచ్చుకున్నదే. ఆహార విహారాల్లో మితం పాటించినవాడికే యోగం దుఃఖాన్ని తొలగిస్తుందని గీత ఆరో అధ్యాయం అంటుంది. విహారమంటే తిరుగుడే కాబట్టి కారు నడకకూ ఆ మితం చెల్లుతుంది. ఈ నేలకు అలాంటి మితం కొత్త కాదు. మీటరు ఎత్తు కూడా లేని పుంగనూరు ఆవు కొద్దిపాటి మేతతో కరువు సీమలో బతికి, వెన్న ఎక్కువగా ఉండే పాలిస్తుంది. పాత చిన్న కారుతో జీవించే పద్ధతి కూడా అలాంటిదే కావాలి.

పొదుపు ఎక్కడ అధర్మమవుతుందో ఘాట్ రోడ్డు చెబుతుంది. మదనపల్లెకు దగ్గర్లోని హార్స్‌లీ హిల్స్ సుమారు 1265 మీటర్ల ఎత్తున ఉంది. అలాంటి కొండల మీంచి దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేయడం, కొందరైతే ఇంజినే ఆపేయడం పెట్రోలు మిగులుతుందన్న నమ్మకంతో చేసే పని. ఇంజెక్షన్ ఉన్న కారు గేరులో ఉండి, యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే, ఇంజిను వేగం ఒక హద్దుకు దిగేదాకా లోపలికి పెట్రోలు రావడమే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో వేస్తే మాత్రం ఇంజిను ఆగకుండా ఉండటానికి ఆ కాస్త పెట్రోలు కాలుతూనే ఉంటుంది. అంటే ఆ బండ్లలో న్యూట్రల్ వల్ల పొదుపు కూడా లేదు. ఇంజిను ఆపేస్తే వ్యాక్యూమ్ సహాయం ఒకటి రెండు తొక్కుళ్లకే అయిపోయి బ్రేకు రాయిలా బిగుసుకుంటుంది. తాళంచెవి వెనక్కి తిప్పి తీస్తే స్టీరింగ్ తాళం పడే ప్రమాదమూ ఉంది. గేరు పట్టు లేక మొత్తం భారం మోసే బ్రేకులు వేడెక్కి పని తప్పుతాయి. యమాల్లో అహింసను మొదట చెప్పి, అస్తేయాన్ని తర్వాత చెప్పారు. మలుపు అవతల ఎదురొచ్చే బైకు మీది కుటుంబాన్ని ప్రమాదంలో పెట్టి మిగుల్చుకున్నది పాపమే, అది చెంచాడు పెట్రోలైనా, ట్యాంకెడైనా. పొదుపు ధర అందులో పాలు లేని వారి నెత్తిన పడకూడదు. ధర్మమైన పొదుపును లోభం నుంచి వేరుచేసే గీత అక్కడుంది.

ఇంకో చిక్కు కనిపించకుండా వస్తుంది. 1865లో బొగ్గు ప్రశ్న మీద పుస్తకం రాసిన ఆంగ్ల ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్, ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం మొదలుపెట్టాక దేశంలో బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగిందని చూపించాడు. ఇంటి కారుకూ అదే జరుగుతుంది. మైలేజీ బాగుపడిన నెల, బస్సులో వెళ్లే పనికి కూడా కారే బయటికొస్తుంది. మరమ్మతు చేయగలిగింది యంత్రాన్ని మాత్రమే, కోరిక హద్దు మనిషే గీసుకోవాలి. త్యాగంతో అనుభవించమని, ఇతరుల సొత్తుకు ఆశపడొద్దని ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం చెప్పిన నీతి ఇక్కడ అక్షరాలా పనిచేస్తుంది: మిగిల్చినదాన్ని వెంటనే కాల్చేయకుండా మిగలనివ్వాలి.

2025 నాటికి బంకుల్లో ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలే సర్వసాధారణమైంది. లీటరు ఇథనాల్‌లో పెట్రోలుకంటే సుమారు మూడో వంతు శక్తి తక్కువ. పాత ప్రమాణాలకు తయారైన నాలుగు చక్రాల బండ్లలో ఈ మిశ్రమం వల్ల మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు కూడా దీనికి త్వరగా పాడవుతాయి. అందుచేత మైలేజీ కాస్త తగ్గగానే బండిని తిట్టుకోనక్కర్లేదు, గొట్టాలు పగిలాయేమో, బానెట్ తెరవగానే పెట్రోలు వాసన వస్తోందేమో చూసుకోవాలి.

పాత బండిని ఎన్నాళ్లు ఉంచుకోవాలన్నది చివరి ప్రశ్న. కొత్త కారు తయారీకి ఉక్కు, అల్యూమినియం, ప్లాస్టిక్, బోలెడంత కరెంటు కావాలి కాబట్టి, తక్కువ తిరిగే ఇంటికి ఉన్న కారునే బాగు చేసుకుని నడపడం అపరిగ్రహానికి దగ్గరగా ఉంటుంది. కానీ కెటలిటిక్ కన్వర్టర్ చచ్చి, ఇంజిను ఆయిలు తాగుతూ నీలిపొగ వదిలే బండి మంచి మైలేజీ ఇచ్చినా, వీధిలో బడికి నడిచే పిల్లల ఊపిరితో దాని లెక్క తీరదు. 15 ఏళ్లు నిండిన సొంత కారుకు ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలని చట్టం అడిగేది ఈ లెక్క కోసమే. ఆ పరీక్షను ముడుపుతో గట్టెక్కించకుండా నిజంగా చేయించుకుని, మరమ్మతు చేసినా పొగ అదుపులోకి రాకపోతే, మమకారం ఎంతున్నా ఆ బండిని తుక్కుకు అప్పగించడమే యజమాని ధర్మం.