నామధేయ ఋణము

మానవుడు తన దేహమును తాను నిర్మించుకొనలేదు. తన పేరును తాను పెట్టుకొనలేదు. రెండును ఇతరులు ఒసగినవే. అయినను "నేను" అనుకొనినంతనే ముందుగా తోచునవి ఈ రెండే. దేహమెట్టిదో విచారింపుమని శాస్త్రములు పలుమారులు హెచ్చరించినవి. పేరును గూర్చియు అట్టి విచారము కొంత అవసరము. పెద్దలు ప్రేమతో ఇచ్చినదానిని స్వార్జితమని గర్వించుట ఒక దోషము. దాని విలువ నెరుగక పారవైచుట మరియొక దోషము. నేటి సంసారములలో ఈ రెండు దోషములును కానవచ్చుచున్నవి.

గృహ్యసూత్రములు నామకరణమును సంస్కారములలో నొకటిగా విధించినవి. మగశిశువు పేరున సరిసంఖ్య గల అక్షరములును, ఆడుశిశువు పేరున బేసిసంఖ్య గల అక్షరములును ఉండవలెనని అవి నియమించినవి. లోకవ్యవహారమునకు ఒక పేరు, నక్షత్రమును బట్టి మరియొక పేరు, తలిదండ్రులకు మాత్రమే తెలిసిన రహస్యనామమొకటి ఉండుటయు కలదు. తెలుగు ఇండ్లలో పళ్లెరమున బియ్యము పోసి, బంగారు ఉంగరముతో పేరు వ్రాసి, శిశువు చెవిలో దానిని మెల్లగా పలుకుట ఆచారము. ఆ శిశువునకు ఇంకను భాష తెలియదు, తానొకడున్నానన్న ఎరుకయు లేదు. కనుక పేరు మొట్టమొదట పిలుపు కాదు, అది ఆశీర్వాదము.

ఉపనీతుడైన వటువు పెద్దలకు అభివాదము చేయు విధానమును గమనింపుడు. అతడు తన ఋషులను, గోత్రమును, సూత్రమును, వేదశాఖను పేర్కొని, అన్నిటికంటె చివర తన పేరు చెప్పి, చెవులు పట్టుకొని వంగి నమస్కరించును. తన పేరు తాను చెప్పుకొనవలసిన వేళ తల వంచవలెనని పెద్దలు ఏర్పరచిన ఈ మర్యాద ఎంత అర్థవంతమైనది! పేరు చెప్పునపుడు తల ఎత్తినవాడు ఋణమును మరచినవాడు. తల వంచినవాడు దానిని స్మరించినవాడు.

తెలుగువారి ఇంటిపేర్లలో ఈ ఋణము స్పష్టముగా వ్రాయబడియున్నది. వానిలో పెక్కు గ్రామనామములు. బమ్మెర పోతన, తాళ్లపాక అన్నమాచార్యులు అనునపుడు మహాకవుల పేర్లతోబాటు ఓరుగల్లు ప్రాంతపు పల్లెయొకటియు, రాజంపేట చేరువ పల్లెయొకటియు స్మరణకు వచ్చుచున్నవి. మరికొన్ని పూర్వులు చేసిన కర్మను తెలుపును. సోమయాజుల వారనగా ఆ వంశమున నెవరో సోమయాగము చేసియుందురు. వేదుల, భాగవతుల, పురాణపండ అనునవి అధ్యయనమును, పురాణ ప్రవచనమును సూచించును. చింతా, తాటి, వేముల మున్నగునవి చెట్టుచేమల తలపించును. ఏ నేల అన్నము పెట్టెనో, ఏ విద్య గౌరవము నిచ్చెనో, ఏ చెట్టు నీడ నొసగెనో, దానిని మనుమలు మరువకుండుటకై పూర్వులు పేరునకు ముందు నిలిపినట్లున్నది.

ఊరు విడిచినవారు కూడ ఊరిపేరును విడువలేదు. త్యాగరాజస్వామి 1767లో తమిళదేశమున తిరువారూరులో జన్మించి, అచ్చటి స్వామి పేరునే ధరించెను. అయినను ఆయన ఇంటిపేరు కాకర్ల. అది తెలుగునేలమీది గ్రామము. సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు 1888లో తిరుత్తణిలో జన్మించెను. ఆ కుటుంబము నెల్లూరుసీమలోని సర్వేపల్లిని విడిచి ఎంత కాలమైనను ఆ గ్రామనామము వంశముతో నడచి, 1962 నుండి 1967 వరకు రాష్ట్రపతి నామధేయమున ప్రకాశించెను. యాత్రికుడు తీర్థమునుండి చిన్న చెంబుతో నీరు తెచ్చుకొనునట్లు ఈ వంశములవారు తమ ఊరిని ఒక్క మాటలో వెంటగొనిపోయిరి.

ఇట్టి యాత్రయే ఉత్తరాంధ్రమునుండి మహానదీ ప్రాంతమునకును సాగినది. 1931లో విజయనగర రాయపూరుల నడుమ రైలుమార్గము పూర్తియైన పిమ్మట రాకపోకలు సులభమైనవి. 1959లో భిలాయి ఉక్కు కర్మాగారమున మొదటి కొలిమి వెలిగిన నాటినుండి అనేక తెలుగు కుటుంబములు అచ్చట నిలిచినవి. రాయపూరులో పండరీ బట్టల అంగళ్లకు ప్రసిద్ధి. అట్టి వీథులలో తెలుగువాడు తన పేరు చెప్పినచో వినువారికి తరచుగా అందులోని "రావు" మాత్రమే నిలుచును. ఉత్తరదేశమున వంశనామము చివర నుండును. తెలుగువారికి అది ముందుండును, అదియు ఒక్క అక్షరముగా కుదింపబడి. కావున బడి పట్టికలో గౌరవవాచకమైన "రావు" వంశనామమగును. తరతరములు మోసిన ఇంటిపేరు ఒంటి అక్షరమై, క్రమముగా అదియు జారిపోవును. ఆ అక్షరమునకు అర్థమేమని బిడ్డ అడిగినపుడు తండ్రి తడుముకొనవలసి వచ్చినచో, ఆ యింట ఒక దీపము ఆరినట్లే.

ఈ విచారము వ్యర్థమైన మమకారమని కొందరు తలంపవచ్చును. అది పూర్తిగా సత్యము కాదు. కృతజ్ఞతకు స్మృతి ఆధారము. పూర్వుల శ్రమను మరచినవాడు తాను అనుభవించుచున్నది ఎవరిచ్చినదో ఎరుగడు. అయినను స్మృతి గర్వముగా మారుటకు ఎంతో కాలము పట్టదు. "ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు" అని తెలుగు సామెత. వేదుల వారింట వేదము లేక, భాగవతుల వారింట భాగవతము వినబడక, పేరుమాత్రము ఘనముగా చెప్పుకొనబడినచో అది ఋణపత్రమును చూపి ధనవంతుడనని పలుకుటయే. పేరు ఆస్తి కాదు, తీర్పవలసిన అప్పు.

అంతకన్న ఘోరమైనది వేరొకటి కలదు. ఎదుటివాని పూర్తిపేరు అడిగి, దానితో అతని కులమును కొలిచి, ఆ కొలతను బట్టి పీట వేయువారు నేటికిని కలరు. 1756లో గిరౌద్‌పురిలో జన్మించిన గురు ఘాసీదాసు సత్యనామమును ఉపదేశించి, మనుష్యులందరును సమానులని బోధించెను. ఆయన అనుయాయులు సత్‌నామీలనబడిరి. 19వ శతాబ్ది చివర అదే సీమలోని చార్‌పారా గ్రామమున పరశురాముడను భక్తుడు రామనామీ సంప్రదాయమునకు మూలపురుషుడయ్యెను. గుడి వాకిట నిలువనీయబడని జనులు రామనామమును తమ దేహములపై పచ్చబొట్లుగా పొడిపించుకొనిరి. నుదురు, కనురెప్పలు, చేతులు ఆ రెండక్షరములతో నిండెను. లోకము పెట్టిన చిన్నపేరును వారు దూషింపలేదు. దానిపై భగవంతుని పేరు వ్రాసికొనిరి. ఏ దేహమును అంటరానిదని త్రోసిరో ఆ దేహమే ఆలయమయ్యెను.

ఈ విషయమున ఛాందోగ్యోపనిషత్తు చెప్పిన సత్యకాముని కథ పరమప్రమాణము. బాలుడు విద్యకై గురుకులమునకు పోదలచి తన గోత్రమేమని తల్లిని అడిగెను. యౌవనమున పలుచోట్ల పరిచర్య చేయుచు అతనిని కంటిననియు, గోత్రము తానెరుగననియు, తన పేరు జబాల గనుక అతడు సత్యకామ జాబాలుడని చెప్పుకొనవలెననియు ఆ తల్లి పలికెను. బాలుడు ఆ మాటలనే గౌతమాచార్యునకు మార్పులేక విన్నవించెను. ఒక కల్పిత గోత్రము చెప్పినచో పని సులభమయ్యెడిది. అతడట్లు చేయలేదు. ఆచార్యుడు సంతోషించి, సత్యమునుండి తొలగనివాడవు గనుక ఉపనయనము చేసెదను, సమిధలు తెమ్మనెను. గోత్రము లేని బాలునకు తల్లిపేరే వంశనామమయ్యెను; సత్యమే గోత్రమయ్యెను. తరువాత అతడే ఆచార్యుడై ఉపకోసలునకు బ్రహ్మవిద్య నొసగెను.

ఇక ఒంటిపేరు. సింహాచలము, అప్పలస్వామి, పైడితల్లి అని ఉత్తరాంధ్రులు బిడ్డలకు దేవతల పేర్లు పెట్టుదురు. బిడ్డను పిలిచిన ప్రతిమారు భగవంతుని పిలిచినట్లగును. అజామిళుడు కుమారుని పిలిచి నారాయణ నామమును పలికిన కథ భాగవతమున కలదు. ఇవిగాక వినువారికి నవ్వు పుట్టించు పేర్లును కలవు. పుట్టిన బిడ్డలు దక్కనిచో తల్లి, తరువాతి బిడ్డను తవుడునకు అమ్మినట్లు చేసి తవిటయ్య యనియు, పెంటపై నుంచి తీసికొని పెంటయ్య యనియు పిలిచెడిది. ఛత్తీస్‌గఢ్ పల్లెలలోను కొనబడినవాడను అర్థమున బిసాహు అనియు, ఐదు గవ్వలకు వచ్చినవాడను అర్థమున పచ్‌కౌడ్ అనియు పేర్లు కలవు. భాషలు వేరు, దేశములు వేరు, తల్లి భయమొక్కటే. విలువలేనిదని చెప్పినచో మృత్యువు చూపు పడదని ఆమె ఆశ. అట్టి పేరును విని నవ్వువాడు ఒక తల్లి కన్నీటిని చూచి నవ్వుచున్నాడు. శ్రీరాముడను పేరున ఎంత ప్రేమ కలదో తవిటయ్య యను పేరున అంత ప్రేమ కలదు.

పేరును పూర్తిగా త్యజించినవారును ఈ రాయపూరు మార్గమున నడచిరి. 1877లో నరేంద్రనాథుడను బాలుడు ఈ నగరమునకు వచ్చి తలిదండ్రులతో సుమారు రెండేండ్లు నివసించెను. కాశీ వీరేశ్వరుని ప్రార్థించి కన్న తల్లి అతనికి మొదట ఆ స్వామి పేరే పెట్టెను. వంశనామము దత్త, "ఇవ్వబడినది" అని దాని అర్థము. ఆలోచించినచో అన్ని పేర్లును దత్తములే. ఆ బాలుడే సన్న్యసించి, పరివ్రాజకుడై పలుపేర్లతో తిరిగి, 1893 నుండి వివేకానందస్వామిగా లోకవిఖ్యాతుడయ్యెను. ఇచ్చిన పేరును తిరిగి ఇచ్చివేయగలుగుటయే సన్న్యాసము.

గృహస్థులందరకు అది విధింపబడలేదు. రాయపూరు ప్రక్కన ఖారూన్ నది ప్రవహించును. అది శివనాథ్ నదిలో కలియును; శివనాథ్ మహానదిలో చేరును; మహానది సముద్రమును పొందును. నదులు నామరూపములను విడిచి సముద్రమున లీనమగునట్లు జ్ఞాని పరమపురుషుని పొందునని ముండకోపనిషత్తు ఉపదేశించినది. కాని సముద్రమును చేరుదాక నదికి గట్లు కావలెను. దారిలోని పొలములు తడుపవలెను. గృహస్థునకు పేరు అట్టి గట్టు.

కావున తలిదండ్రులు బిడ్డలకు ఇంటిపేరును, దాని అర్థమును, ఆ గ్రామమును చెప్పుదురుగాక. తెలియనిచో తెలియదని సత్యమునే పలుకుదురుగాక. ఎదుటివాని పేరు అడుగునపుడు అతనిని పిలుచుటకే అడుగుదురుగాక, కొలుచుటకు కాదు. తమ పేరు చెప్పునపుడు మనస్సునందైనను తల వంచుదురుగాక. బియ్యముపై వ్రాసిన పేరు క్షణములో చెదరిపోవును. ఆ బియ్యము మాత్రము అన్నమై ఎవరి ఆకలినో తీర్చును. పేరు చెదరినను పదుగురి ఆకలి తీర్చు బ్రతుకే నామధేయ ఋణమును తీర్చినది.