పిడికెడు బియ్యం, కొత్త చొక్కా

డిసెంబర్‌లో గుంటూరు, ప్రకాశం పొలాల్లో పత్తి తీతలు నడుస్తుంటాయి. మిర్చి ఇంకా చేలోనే ఉంటుంది. అది పండి, కల్లంలో ఎండి, గుంటూరు యార్డుకి చేరి డబ్బయ్యేసరికి సంక్రాంతి కూడా వెళ్ళిపోతుంది. అంటే మా వైపు క్రిస్మస్ చేతిలో డబ్బాడని రోజుల్లో వచ్చే పండగ. సరిగ్గా అప్పుడే చర్చిల్లో సొంత ఖర్చు తగ్గించుకుని కృతజ్ఞతతో కానుక ఇవ్వమనే ప్రసంగాలు వినబడతాయి.

మాట మంచిదే. ఎవరితో అంటున్నామన్న దగ్గరే నాకు పేచీ.

పీటర్ సింగర్ 1972లో, తూర్పు బెంగాల్ కాందిశీకుల ఆకలి గురించి రాసిన వ్యాసంలో బట్టల ఉదాహరణే తీసుకున్నాడు. చలి కాచుకోడానికి కాక, నలుగురిలో బాగా కనబడ్డానికి కొనే కొత్త బట్టలు మానేసి ఆ డబ్బు ఆకలితో ఉన్నవాళ్ళకి పంపితే మనం పోగొట్టుకునేదేమీ లేదంటాడు. పైగా అది దానం కాదు, చేసి తీరాల్సిన పని అంటాడు. బెంగళూరులో కూర్చుని చదివితే నాకు ఆ తర్కంలో ఎక్కడా బగ్ దొరకలేదు. నా అల్మరాలో ట్యాగు కూడా తీయని చొక్కాలున్నాయి.

అదే మాటని మా ఊరి చివరి మాదిగపల్లెకి తీసుకెళ్తే మాత్రం తేడా కొడుతుంది. ఇంకొకరు కట్టి విడిచిన బట్టలే తరాలపాటు దక్కిన ఇళ్ళలో, నలుగురిలో బాగా కనబడడమే అసలు సంగతి. ఒక పిల్లాడు కొత్త చొక్కా వేసుకుని ఊరి బజారు మధ్యలోంచి చర్చికి నడిచి వెళ్తే అది ఆడంబరం కాదు. (అప్పు చేసి కొంటారు కదా అంటారు. నిజమే, వడ్డీ ఎవరికి పోతోందో కూడా అప్పుడే మాట్లాడుకుందాం.)

అలాగని పేదవాళ్ళని ఇవ్వమని అడగడమే తప్పంటే అదీ ఒక రకం చిన్నచూపే. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలే. అన్నం కోసం మారారన్న ఎత్తిపొడుపు ఇప్పటికీ వింటాం. సరిగ్గా పాతికేళ్ళకి, 1903లో, ఆ తెలుగు బాప్టిస్టు సంఘాలే జాన్ రంగయ్యని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి పంపాయి, అక్కడి తోటల్లో పనిచేసే తెలుగు కూలీల కోసం. తీసుకునేవాళ్ళుగానే మిగిలిపోవడం వాళ్ళకి ఇష్టం లేకపోయింది. ఇవ్వడంలో కూడా ఒక పరువుంది, కొత్త చొక్కాలో ఉన్నట్టే.

మన చర్చిల్లో పిడికెడు బియ్యం అనే అలవాటుంది. ఎసట్లో పోసేముందు ఆడవాళ్ళు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు, ఆదివారం గుడికి పట్టుకెళ్తారు. అది తిన్నాక మిగిలింది కాదు. ఆ పూట అన్నం ఆ మేరకి తగ్గుతుంది, ఎవరి కంచంలోనో. (సాధారణంగా వండినామె కంచంలోనే.) బిల్లు కట్టేటప్పుడు యాప్ అడిగితే నేను నొక్కే రెండు రూపాయల దానంతో నా కంచంలో ఏదీ తగ్గదు.

ఇక కృతజ్ఞత. సింగర్‌కి దాని అవసరం లేదు, బాధ్యత చాలు. నాకు చాలదు, ఎందుకంటే కృతజ్ఞత ఎవరి దగ్గర తీసుకున్నావని అడుగుతుంది. మాది మిర్చి పండించే ఇల్లు. నా ఇంజినీరింగ్ ఫీజు మిర్చి డబ్బే. ఆ కాయలు కోసింది కర్నూలు వైపు నుంచి పిల్లాజెల్లాతో వచ్చి, చేల పక్కన గుడారాలేసుకుని ఉన్నవాళ్ళు. క్రిస్మస్ కూటంలో నా ఉద్యోగానికి దేవుడికి స్తోత్రం చెప్పినప్పుడు వాళ్ళ ఊసు రాలేదు. దేవుడికి కృతజ్ఞత చెప్పడం తేలిక, ఆయన కూలి రేటు అడగడు.

జనవరి దాటాక వాళ్ళు మళ్ళీ దిగుతారు. ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు కోత కూలి గురించి నాన్నతో మాట్లాడాలి. పురుగుమందుల బాకీ కాగితాలు తెచ్చి నా ముందు పెడతాడు, తెలుసు. అవీ అబద్ధం కాదు.