కృతజ్ఞతాలేఖ – ఋణభావన: క్రైస్తవ బాలల స్పాన్సర్‌షిప్‌పై నైతిక పరిశీలన

పేద పిల్లలకు అందే సహాయాన్ని సాధారణంగా దాని ఫలితాన్ని బట్టి అంచనా వేస్తారు. అయితే సహాయం అందే తీరు కూడా నైతిక విచారణకు లోబడవలసిందే. క్రైస్తవ సంస్థలు నిర్వహించే బాలల స్పాన్సర్‌షిప్ ఇందుకు తగిన ఉదాహరణ. ఈ విధానంలో దూరదేశంలోని దాత ఫొటో చూసి ఒక బాలుణ్ణో బాలికనో ఎంచుకొని నెలనెలా సొమ్ము పంపుతాడు. ఆ పిల్లలు దాతకు ఉత్తరాలు రాస్తారు. ఆ ఉత్తరం స్నేహానికి గుర్తా, సహాయానికి చెల్లించే మూల్యమా అన్నది ఇక్కడ పరిశీలనాంశం.

బాబ్ పియర్స్ 1950లో స్థాపించిన వరల్డ్ విజన్, ఎవరెట్ స్వాన్సన్ 1952లో ప్రారంభించిన కంపాషన్ ఈ విధానానికి విస్తృతి కల్పించాయి. రెండింటి స్పాన్సర్‌షిప్ పథకాలూ కొరియా యుద్ధ అనాథల కోసం మొదలైనవే. కంపాషన్ స్థానిక చర్చిల ద్వారా పనిచేస్తుంది. భారతదేశంతో సహా ఆరు దేశాలలో ఆ సంస్థ సహాయం పొందినవారిపై బ్రూస్ వైడిక్ తదితరులు జరిపిన అధ్యయనం 2013లో వెలువడింది. స్పాన్సర్‌షిప్ వల్ల పిల్లల చదువు సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర సంవత్సరాలు అదనంగా సాగినట్లు అందులో తేలింది. కాబట్టి ప్రయోజనం లేదన్న కారణంతో ఈ విధానాన్ని తోసిపుచ్చడం కుదరదు.

అభ్యంతరం మరొక వైపునుంచి వస్తుంది. ప్రత్యుపకారం ఆశించకుండా ఇచ్చినదాన్ని భగవద్గీత 17వ అధ్యాయం సాత్త్విక దానంగా పేర్కొంది. క్రీస్తు కొండమీది ప్రసంగం రహస్యదానాన్ని బోధించింది. స్పాన్సర్‌షిప్‌లో మాత్రం దాత ఎవరో పిల్లలకు తెలుస్తూనే ఉండాలి. కృతజ్ఞత కాగితం మీదికి రావాలి. తెలుగునాట పేద విద్యార్థులు వారాలు చేసుకొని చదువుకున్న రోజులతో దీనిని పోల్చవచ్చు. రోజుకొక ఇంట భోజనం చేసే విద్యార్థికి అవమానాలు తప్పేవి కావు. అయినా ఆ ఇంటి మంచిచెడులు అతని కంటికీ కనబడేవి. స్పాన్సర్‌షిప్‌లో పిల్లల పేదరికం, కుటుంబ స్థితి, చదువు దాతకు తెలుస్తాయి. దాత గురించి పిల్లలకు తెలిసేది అతను తెలుపదలచినంత మేరకే. ధనంలోని అసమానతకు ఎరుకలోని అసమానత తోడవుతుంది.

అలాగని రహస్యదానమే అన్నివేళలా ఉత్తమమని చెప్పలేము. ఎక్కడో ఒకరికి తన పేరు తెలుసునన్న భావన పసిమనసుకు ధైర్యమిస్తుంది. ఇండోనేషియాలో పిల్లలు గీసిన స్వీయచిత్రాల ఆధారంగా జరిగిన పరిశోధన, స్పాన్సర్ ఉన్న పిల్లలలో ఆశాభావం ఎక్కువని సూచించింది. బొత్తిగా ముఖపరిచయం లేని సహాయం ఈ మేలును చేయలేకపోవచ్చు. కాబట్టి ఉత్తరాన్ని నిషేధించడం పరిష్కారం కాదు. ఉత్తరం రాయకపోయినా సహాయం కొనసాగుతుందా, ఆ సంగతి పిల్లలకు ముందే తెలుసా అన్నది అసలు పరీక్ష. ఈ రెంటికీ సమాధానం అవునైతే ఉత్తరం స్నేహమవుతుంది. కాకుంటే అది పసివాళ్లు చేసే చాకిరీయే.

దాన సంబంధానికి మరొక పరిమితి 2017లో బయటపడింది. విదేశీ నిధులపై కేంద్ర ప్రభుత్వ ఆంక్షల కారణంగా ఆ మార్చిలో కంపాషన్ భారతదేశంలో కార్యకలాపాలు ముగించింది. 1,40,000 మందికి పైగా పిల్లలకు ఆ సహాయం ఆగిపోయింది. ప్రభుత్వానికీ సంస్థకూ మధ్య ఎవరి వాదం సరైనదైనా, ఆ వివాదంలో పిల్లల ప్రమేయం లేదు. ఆగినదాన్ని తిరిగి అడిగే హక్కూ వారికి లేదు. బడిలో మధ్యాహ్న భోజనం తినే పిల్లలు ఎవరికీ కృతజ్ఞతాలేఖ రాయనక్కరలేదు. ఆ అన్నం ఆగితే నిలదీయవచ్చు.

హక్కు అందనిచోట దానం అవసరమవుతుంది. దాని విలువను తక్కువ చేయనక్కరలేదు. అయితే తీసుకునేవారు పసివారైనప్పుడు ఋణభారాన్ని తొలగించే బాధ్యత ఇచ్చేవారిదే. మౌనంగా ఉండే స్వేచ్ఛ ఉన్న బాలిక తనంతట తాను రాసిన ఉత్తరానికే కృతజ్ఞత అన్న పేరు తగుతుంది.