పటము ముగియు వేళ పుట్టు శంక

ఏ పనికైనను ఆరంభమునకు ఉత్సాహము చాలును. నడిమి పనికి ఓపిక కావలెను. ముగింపునకు వచ్చునప్పటికి ఈ రెండును చాలవు. పని చేతినుండి విడివడి పదిమంది కన్నుల ముందునకు పోవలసిన ఘడియలో, అంతవరకు లేని శంక యొకటి మనస్సున తల యెత్తును. ఇల్లు కట్టించువానికి, పుస్తకము వ్రాయువానికి, క్రొత్త అంగడి తెరచువానికి ఇది తెలిసిన బాధయే. పిల్లలు నేలమీద పరచుకొని ఆడు ఒక ఆటపటమును కూర్చువానికి సైతము ఈ బాధ తప్పదనినచో కొందరికి నవ్వు రావచ్చును. ఆటలో అంత ఆలోచన ఏమున్నదని వారు అడుగవచ్చును. జైన కుటుంబములవారు మాత్రము అట్లు అడుగుటకు వీలులేదు. ఆటపటమునే ధర్మబోధకు సాధనముగా చేసికొన్న సంప్రదాయము వారిది.

తెలుగువారు వైకుంఠపాళి యనియు, పరమపదసోపాన పటమనియు పిలుచు ఆటకు జైనులలో జ్ఞానచౌపడ్ అనియు, జ్ఞానబాజీ యనియు పేర్లు కలవు. గుడ్డమీదను, కాగితముమీదను చిత్రించిన పాత పటములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. జైన పటములలో సామాన్యముగా 84 గళ్లుండును. అడుగున నరకములు, నడుమ మనుష్యలోకము, పైన దేవలోకములు, అన్నిటికిని పైన సిద్ధులకు నెలవైన సిద్ధశిల. గవ్వలో పాచికలో వేసి, పడిన లెక్క చొప్పున కాయను నడిపెదరు. సద్గుణమునకు నిచ్చెన, దుర్గుణమునకు పాము. పర్యూషణ దినములలో ఉపవాసమున్నవారికి ఇది కాలక్షేపమును, పిల్లలకు పాఠమును అయ్యెడిది. 19వ శతాబ్ది చివర ఈ యాటయే ఇంగ్లండు చేరి, గుణముల పేర్లను క్రమముగా వదలుకొని, వట్టి పాములు-నిచ్చెనల ఆటగా లోకమంతయు తిరిగినది.

ఇట్టి పటమును నేడు ధర్మపురిలో ఒక గృహస్థుడు క్రొత్తగా కూర్చుచున్నాడనుకొందము. అతనిది చింతపండు వ్యాపారము. ఇంటిలో తెలుగు, అంగడిలో తమిళము, హోసూరు దాటిన బేరములలో కన్నడము. రాత్రి అంగడి కట్టిన తరువాత అట్టముక్కమీద గళ్లు గీయును. లోభము గడిలో పాము, అచౌర్యము గడిలో నిచ్చెన, క్రోధమునకు పాము, క్షమకు నిచ్చెన — ఇట్లు సగము పటము హాయిగా నిండినది. ఋణము అను గడి యొద్ద చేయి ఆగినది. అప్పు ఎగవేయుట పాపమే. అందులకు పాము పెట్టవచ్చును. కాని వానలు లేక, సరకు రాక, నమ్మి ఇచ్చిన పైకము తిరిగి రాక దివాలా తీసినవాని సంగతి ఏమి? అతని కుమారుడును ఈ పటము ముందు కూర్చుండును. ఆ గడిలో పడిన దినమున తోటి పిల్లలు నవ్విన, ఆ నవ్వులో పటము కూర్చినవానికి పాలు లేదా? దానము గడిలో పొడవైన నిచ్చెన పెట్టినాడు. ఇచ్చుటకు చేత ఏమియు లేని బీదవాని బిడ్డ ఆ నిచ్చెనను చూచి, మోక్షము కూడ ధనవంతులకే యని తలపోయడా?

ఈ ప్రశ్నలు చిన్నవి కావు. తాను చేసినది, ఒకరిచే చేయించినది, ఒకరు చేయగా మెచ్చుకొన్నది — ఈ మూడింటికిని బాధ్యత కలదని జైనధర్మము చెప్పును. పటము ఇల్లు దాటిన పిమ్మట దానిచే జరుగు మంచిచెడ్డలలో దానిని కూర్చినవానికి భాగముండును. కాబట్టి అతనికి శంక కలుగుట తప్పు కాదు. ఆ శంకను అతడేమి చేయుననునదే విచారింపదగినది.

తత్త్వార్థసూత్రమున సమ్యగ్దర్శనమునకు చెప్పిన అతిచారములలో మొదటిది శంక. దీనిని చూచి, ప్రశ్న వేయుటయే దోషమని కొందరు భ్రమపడుదురు. ఇంద్రభూతి గౌతముని చరిత్ర ఆ భ్రమను తొలగించును. అతడు గొప్ప వేదపండితుడు. మహావీరుని వాదమున గెలువవలెనని వచ్చినవాడు. జీవుడు కలడా లేడా అను సంశయము అతని లోపల దాగియుండగా, మహావీరుడు దానిని తానే పైకి తీసి సమాధానము చెప్పెను. అంతట గౌతముడు శిష్యుడై ప్రథమ గణధరుడయ్యెను. తక్కిన పదిమంది గణధరులును ఒక్కొక్క సంశయముతోనే వచ్చిరని శ్వేతాంబర సంప్రదాయము. జినభద్రగణి విశేషావశ్యకభాష్యమున ఈ పదునొకండు సంశయములును చర్చింపబడినవి. అడిగిన సంశయము గౌతముని గణధరుని చేసినది. అడుగక లోపల నుంచుకొనినచో అది అతనిని తొలుచుచునే యుండెడిది. కావున శంకను పోగొట్టుకొనగోరువాడు ముందుగా దానిని బయటకు తీసి, అది ఏ జాతిదో చూడవలెను.

పటము కూర్చువానికి కలుగు శంకలు మూడు తెగలు. మొదటిది లెక్కకు లొంగునది. ఆట మరీ పొడవగునా? పాములు మితిమీరినవా? ఇట్టివానికి వ్యాపారస్థుని యింట సమాధానము సులభము. ఒక పాచికతో ఆడునప్పుడు సగటున ఒక వేతకు మూడున్నర గళ్లు నడచును. పాములు, నిచ్చెనలు లేకున్న 84 గళ్లు దాటుటకు ఇంచుమించు 24 వేతలు పట్టును. వాటిని చేర్చిన పిదప ఎన్ని పట్టుచున్నవో పదిమార్లు ఆడించి చిట్టాలో వ్రాసికొన్నచో, పది రాత్రుల దిగులు ఒక పుటతో తీరును.

అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ బట్స్ అను వాస్తుశిల్పి 1930ల ఆర్థికమాంద్యములో ఉద్యోగము పోగా, అక్షరముల బిళ్లలతో మాటలు కూర్చు ఆట నొకదానిని కల్పించెను. ఏ అక్షరమునకు ఎన్ని బిళ్లలుండవలెనను ప్రశ్నకు, అతడు దినపత్రికలను ముందుంచుకొని అక్షరములను లెక్కించి సమాధానము కనుగొనెను. ఆంగ్లమున ‘ఎస్’ అక్షరమును చివర చేర్చిన చాలును, ఏకవచనము బహువచనమగును. ఆట మరీ సులువు కాకుండుటకై ఆ బిళ్లలను నాలుగింటికే పరిమితము చేసెను. ఆటవస్తువుల కంపెనీలు దానిని త్రోసిపుచ్చినవి. 1948లో జేమ్స్ బ్రూనో అను నతడు గళ్ల అమరికను కొంత మార్చి, నియమములను సులభముచేసి, ‘స్క్రాబుల్’ అను పేరుతో తయారుచేయ మొదలిడెను. 1950లలో అది ఇంటింటికి చేరినది. బట్స్ తన యాటను ముగించినందుననే ఇంకొకరు దానిని దిద్దుటకు వీలు కలిగినది.

రెండవ తెగ శంక ధర్మమునకు సంబంధించినది. ఋణము గడి, దానము గడి ఈ తెగలోనివి. ఇవి లెక్కకు లొంగవు. పెద్దలను, విద్వాంసులను అడుగవలసినవి. అంతకంటె ముఖ్యముగా, ఎవరికి నొప్పి కలుగునని భయమో వారినే అడుగవలెను. ధర్మపురి వ్యాపారి తన పటమును నష్టపోయిన పొరుగువానికి చూపినచో, అతడే ‘ఋణము అను మాట తీసి, మాట తప్పుట అని వ్రాయుము’ అని చెప్పవచ్చును. దానము గడిలో అన్నదానముతో పాటు అభయదానము, విద్యాదానము కూడ వ్రాసిన, చేత పైకము లేనివానికిని ఆ నిచ్చెన అందును. అయినను ఒక పటము ధర్మమునంతయు చెప్పలేదు. పాచికతో నడచు ఆట పురుషకారమును తక్కువగా చూపును; అది నిజమే. ప్రతి కథనమును ఒక నయము మాత్రమేయని, సత్యమునకు అనేక ముఖములున్నవని అనేకాంతము నేర్పుచున్నది. తన పటము అన్నియు చెప్పనందున అది వ్యర్థమని కుములువాడు, తెలియకయే ఏకాంతవాది యగుచున్నాడు.

మూడవ తెగ శంక పటమును గూర్చినది కానే కాదు. ‘ఇట్టి పని చేయుటకు నేనెవడను? నలుగురు ఏమందురు?’ అనునది. ఇది వినయమువలె కనబడును గాని, పరీక్షించి చూచిన దీనిలో పెద్ద మాట ‘నేను’ అనునదే. నాలుగు కషాయములలో మానము రెండవది. పొగడ్తకు పొంగుట దాని ఒక ముఖమైన, నిందకు భయపడి పనిని పెట్టెలో దాచుట దాని రెండవ ముఖము. ఈ శంకకు ఎన్ని మార్లు ఆడించి చూచినను సమాధానము దొరకదు. ఏలయన అది అడుగుచున్నది పటమును గూర్చి కాదు.

దీనిని బలవంతముగా అణచుటయు మేలు కాదు. గుణస్థానములు పదునాలుగింటిలో పదునొకండవదానిని వర్ణించుచు శాస్త్రకారులు చిల్లగింజతో తేర్చిన నీటిని ఉపమానము చెప్పిరి. బురద అడుగున చేరి నీరు తేటగా కనబడును; కుండ కదలినచో మరల కలకబారును. మోహమును నశింపజేయక అణచి మాత్రమే పైకెక్కినవాడు అక్కడినుండి దిగక తప్పదు. ‘నాకేమి భయము’ అని గొంతెత్తి చెప్పుకొని పటమును బయటకు తెచ్చువాని ధైర్యము అట్టిది. మొదటి విమర్శ తగిలిన దినముననే అడుగుబురద పైకి లేచును.

మరి మార్గమేది? దానిని చెప్పుటకు ధర్మపురి చరిత్రయే చాలును. ఆ ఊరి ప్రాచీన నామము తగడూరు. అచ్చటి కన్నడ శాసన మొకటి శక సంవత్సరము 815, అనగా క్రీ.శ. 893 నాటిది. నోలంబ రాజైన మహేంద్రుని కాలములో నిధియన్న, చండియన్న అను వర్తక సోదరులు తగడూరున జైన బసదిని కట్టించిరని అది తెలుపుచున్నది. నిధియన్న రాజునొద్ద మూలపల్లి యను గ్రామమును పొంది, వినయసేనుని శిష్యుడగు కనకసేన సిద్ధాంత భటారునకు సమర్పించెను. ఎందులకు? బసది మరమ్మతులకు, క్రొత్త పనులకు, పూజాదికములకు.

కట్టించినవారే మరమ్మతునకు ఊరు నిచ్చినారు. గోడ బీటలు వారునని, కప్పు కారునని, తమకు తట్టని అవసరములు ముందు పుట్టునని వారికి తెలియును. తెలిసియు పనిని ఆపలేదు. లోపము లేని బసది కట్టగలిగిన దినమునకే తలుపు తెరచెదమని వారు కూర్చున్నచో, తగడూరున పూజ జరిగియుండదు, శాసనమును ఉండదు. పనిని పూర్తిచేయుట యనగా దోషములన్నియు తీరినవని చాటుట కాదు. దోషము కనబడిన దిద్దుటకు దారి యుంచి, దానిని తనది కాకుండ చేసి అప్పగించుట. అపరిగ్రహమనునది ధనమునకే కాదు, చేతిపనికిని వర్తించును. దిద్దెదను, దిద్దెదను అని పటమును విడువక పట్టుకొనుటయు ఒక పరిగ్రహమే.

వర్తకులకు ఈ నీతి దీపావళినాడు ఏటేట కండ్లముందు జరుగుచునే యున్నది. మహావీరుని నిర్వాణ దినమున పాత ఖాతా కట్టి క్రొత్త పుస్తకము తెరచెదరు. తేలని పద్దులు ఏ పుస్తకమున లేవు? వానిని క్రొత్త పుస్తకములోనికి దింపుకొందురే గాని, అవి తేలువరకు పాత పుస్తకము మూయమని ఎవరును పట్టుపట్టరు. ప్రతిక్రమణము కూడ ఇట్టిదే. దోషములను తలచుకొనుటకు నియతమైన వేళ యొకటి కలదు. దినమంతయు తలచుకొని పని మానుమని ఎక్కడను చెప్పలేదు. శంకకును అట్లే వేళ నిర్ణయించి, ఆ వేళ దానిని పూర్తిగా విని, తక్కిన వేళ పని చేసికొనవలెను.

అయినను ఒక మాట. ప్రతి శంకయు అబద్ధము కాదు. పదిమార్లు ఆడించి చూడగా పిల్లలు విసుగుకొని లేచిపోవుచున్న, లేదా పటము ఒకరిని చిన్నబుచ్చక తప్పదని పెద్దలు నిర్ణయించిన, దానిని మానుకొనుటయే ధర్మము. అది ఓటమి కాదు. పరీక్షించి తెలిసికొన్న జ్ఞానము. పరీక్షింపకయే, ఎవరికిని చూపకయే, చీకటిలో తానే తీర్పు చెప్పుకొని పటమును అటకమీద పారవేయుటయే నష్టము.

కాబట్టి ధర్మపురి వ్యాపారి చేయవలసినది స్పష్టము. లెక్కకు లొంగు శంకలను చిట్టాలో తీర్చుకొనవలెను. ధర్మశంకలను నొప్పి కలుగగలవారి ముందును, పెద్దల ముందును పెట్టవలెను. తనను గూర్చిన శంకకు సమాధానము వెదకుట మాని, పటము అంచున రెండు మూడు గళ్లు ఖాళీగా విడిచి, ముందు ఆడువారు తమకు తోచిన గుణములను వ్రాసికొనవచ్చునని నియమము పెట్టవలెను. ఆ ఖాళీ గళ్లే అతని మూలపల్లి. పిదప వచ్చు పర్యూషణమునకు పటమును పిల్లల చేతికిచ్చి, తాను అంగడి తెరచుకొనవచ్చును.