మినహాయింపు అను అన్యాయము

కళాశాల విద్యార్థి యొకడు తన ముస్లిం సహాధ్యాయిని గూర్చి “అతడు మంచివాడే, వారివంటివాడు కాడు” అనుట తరచుగా వినబడును. పలికినవాడు దీనిని మెచ్చుకోలు అనియే తలచును. విన్నవానికి అది ములుకువలె నాటును. ఆ ఒక్క మాటలో అతని తల్లిదండ్రులు, తోబుట్టువులు, ఊరివారు అందరును దోషులైరి, అతడొక్కడు విడుదలయ్యెను. స్నేహము నిజమైనదే కావచ్చును. కాని అది దురభిప్రాయమును కరగింపలేదు సరికదా, దానికి కంచె కట్టినది. ఎదురైన మంచివారందరును మినహాయింపులే యైనచో, మూలాభిప్రాయమునకు ఎన్నడును పరీక్షయే యుండదు. “వారిలో నీవెరిగినవారెందరురా?” అని ఇంటిపెద్ద యడిగినచో, కుమారుడు రెండవ పేరు కడనే ఆగిపోవును.

తన మతమువాడు తప్పు చేసినపుడు “వాడు చెడ్డవాడు”. అన్యమతస్థుడు చేసినపుడు “వారంతే”. ఒకే అంగడిలో రెండు తూనికరాళ్ళు వాడు వర్తకుని లోకము దొంగ యనును.

ఒకే తరగతిలో కూర్చుండినంత మాత్రమున ఇది తొలగునా? తొలగదనియే ఉస్మానియా విశ్వవిద్యాలయ చరిత్ర తెలుపుచున్నది. ఉర్దూ బోధనాభాషగా 1918లో వెలసిన ఆ విద్యాలయమున ఇరు మతముల యువకులు కలసియే చదివిరి. అయినను 1938లో వసతిగృహములందు వందేమాతరము పాడినందుకు విద్యార్థులు బహిష్కృతులైరి. పెక్కురు నాగపురమునకు పోయి చదువు సాగించిరి. నాడు అధికారపు త్రాసు ఒక వైపు మొగ్గినది. 2022 ఫిబ్రవరిలో కర్ణాటక కళాశాలల వాకిళ్ళలో తలవస్త్రము ధరించిన బాలికలను ఆపినపుడు, కాషాయ కండువాలతో సహాధ్యాయులే వారికెదురు నిలిచినపుడు, అది మరియొక వైపు మొగ్గినది. ఆ వివాదమున సుప్రీంకోర్టు న్యాయమూర్తులిరువురును అక్టోబరులో భిన్నాభిప్రాయములు వెలిబుచ్చిరి. తీర్పు ఎట్లున్నను, ఒకే తరగతివారి నడుమ ఏర్పడిన ఎడమును పూడ్చుట న్యాయస్థానము పని కాదు.

గార్డన్ ఆల్‌పోర్టు అను అమెరికా మనశ్శాస్త్రవేత్త 1954లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమును విచారించెను. భిన్నవర్గములవారు సమానస్థాయిలో నుండి, ఒకే లక్ష్యమునకై కలసి పాటుపడి, అందులకు పెద్దల ఆమోదము కూడ నున్నపుడే పరిచయము దురభిప్రాయమును తగ్గించునని ఆయన భావము. సమైక్యతపై వక్తృత్వపు పోటీలు ఈ పనిని చేయజాలవు. అవి ప్రిన్సిపాళ్ళ వార్షిక నివేదికలకు మాత్రము మిక్కిలి శోభనిచ్చును!

మఠములకు ఇది క్రొత్త సంగతి కాదు. తుమకూరు సిద్ధగంగా మఠమున, 2019లో లింగైక్యులైన శివకుమారస్వామివారి కాలమునుండియు, వేలకొలది పిల్లలు కులమతభేదము లేక ఉచితముగా నుండి చదువుచున్నారు. అచ్చట పంక్తి యొక్కటే.

కళాశాల వసతిగృహములలో భోజనశాల నిర్వహణము విద్యార్థుల చేతిలో నున్నచోట్లు కలవు. ఆ బాధ్యతను ఇరు మతములవారికి జతగా అప్పగింపవచ్చును. బియ్యము తూచుట, కూరగాయల లెక్క వ్రాయుట, నెలాఖరున మిగిలిన బాకీకి ఇరువురును సమాధానము చెప్పుట: ఇందులో దయాదాక్షిణ్యములకు తావు లేదు. రంజాను నెలలో సహరీ వేళకు వంటశాల తెరచుటయు, శివరాత్రి ఉపవాసమున్నవారికి పండ్లు తెప్పించుటయు ఒకే పట్టికలో వంతులుగా నుండును. పప్పు పలుచనైనదని ఆ ఇరువురు కలహించుకొన్నను చింత లేదు. ఆ కలహము పప్పును గూర్చినదే గదా!